లెక్కలొచ్చిన చేప, రెండు గుడ్డలు

గుడ్డల బాబాయ్‌కి సిగ్గేస్తే చెవులు ఎర్రబడతాయి. మొహం మామూలుగానే ఉంటుంది, గొంతు వణకదు, చేతులు తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. చెవులు మాత్రం అప్పుడే బట్టీలోంచి తీసిన పెంకుల్లా తయారవుతాయి. పెళ్లికి ముందు మొదటిసారి చూసినప్పుడే ఆయన భార్య ఆ చెవులు గమనించి, "అబద్ధమాడితే ఆమడ దూరం నుంచి తెలిసిపోతుంది, ఈ మనిషి చాలు" అని ఒప్పేసుకుందట. ముప్పై ఏళ్ల కాపురంలో సగం సంగతులు ఆవిడ నోటితో అడక్కుండా చెవులు చూసే రాబట్టింది.

ఆ చెవులు ఒక మంగళవారం సాయంత్రం ఎర్రబడి, మళ్లీ మామూలు రంగుకి రావడం మర్చిపోయిన కథ ఇది.

బాబాయ్ ఉద్యోగం ఒక పరిశోధనా కేంద్రంలో, చేపల గదిలో. నలభై గాజు తొట్లు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, పగలంతా గురక పెట్టినట్టు మోగే గాలి పంపు, గోడ పొడవునా పాకిన ఆకుపచ్చ రబ్బరు గొట్టం. ఇరవై ఆరేళ్లుగా ఆ గదికి ఆయనే దిక్కు. నీళ్లు మార్చాలి, పాచి గీకాలి, మేత వేయాలి, చచ్చినవాటిని తీసి లెక్క రాయాలి. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. బాబాయ్ చేసినంత శుభ్రంగా ఎవరూ చేయరు. ఆయన దగ్గర ఒక్కో పనికి ఒక్కో గుడ్డ ఉంటుంది. అద్దాలకి నీలం, బల్లలకి గళ్లది, చేతులకి ఒకటి, మేత గిన్నెకి ఒకటి. గోడకి వరసగా మేకులు, మేకు మేకుకీ పైన చీటీ. ఒక గుడ్డ ఇంకో గుడ్డ మేకుకి వేలాడితే ఆయనకి ఆ పూట అన్నం సహించదు. ఆ పేరు అలా వచ్చిందే. పెద్ద సారు కూడా "గుడ్డల బాబాయ్‌ని పిలవండి" అనేవాడు, అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

ఇంట్లోనూ అదే తంతు. "ఈ ఇంట్లో మనుషులం ఇద్దరం, గుడ్డలు పధ్నాలుగు" అని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

రెండేళ్ల క్రితం ఆ గదికి ఒక సైంటిస్టు వచ్చింది. సన్నగా, పెద్ద కళ్లజోడుతో, నడిస్తే పరిగెత్తినట్టు, మాట్లాడితే తరుముకొస్తున్నట్టు ఉండే పిల్ల. బాబాయ్ ఆమెని మేడంగారూ అనేవాడు, ఆమె ఆయన్ని బాబాయ్ అనేది. చేపలకి లెక్క తెలుసా అన్నది ఆమె ప్రశ్న. తొట్టికి రెండు చివర్లా రెండు ప్లాస్టిక్ కార్డులు నీళ్లలోకి దించుతారు. ఒకదాని మీద రెండు చుక్కలు, ఇంకోదాని మీద మూడు. ఎక్కువ చుక్కలున్న కార్డు దగ్గరికి చేప వెళితే చిటికెడు మేత. తక్కువ వైపు వెళితే ఏమీ లేదు. చుక్కల సైజులు మారతాయి, వైపులు మారతాయి, ఎక్కువున్నదే ఎప్పుడూ సరైనది.

వచ్చిన మొదటి వారమే ఆమె తలుపు వెనక ఒక కాగితం అంటించింది. ఏ పని ఎలా చేయాలో అందులో ఉంది. నాలుగో మాట ఇది: "కార్డులన్నీ ఒకే బేసిన్‌లో కడగాలి. ఆ రోజు ఉతికిన ఒకే గుడ్డతో అన్నీ తుడవాలి."

బాబాయ్ అది చదివాడు. రెండుసార్లు చదివాడు. 'అన్నిటికీ ఒకే గుడ్డా! చదువుంది గానీ పాపం చిన్నపిల్ల, శుభ్రం అంటే ఎవరూ నేర్పలేదు' అనుకున్నాడు. అనుకుని, తనకి తోచిన శుభ్రం తను పాటించాడు. ప్రతి జతలోనూ ఎక్కువ చుక్కల కార్డుకి ఒక పెట్టె, తక్కువ దానికి ఇంకో పెట్టె, ఒకదానితో ఒకటి కలవకుండా. తక్కువ వాటికి తెల్లగుడ్డ. ఎక్కువ వాటికి పసుపుపచ్చ గుడ్డ. ఆ పసుపు గుడ్డ అంతకుముందు నుంచీ మేత గిన్నె తుడిచేదే. ఎక్కువ కార్డు దగ్గరే కదా మేత వేసేది, మేతకి సంబంధించినవన్నీ ఒక చోట ఉండాలి కదా. ఆయన బుర్రలో అది చక్కగా అమిరిపోయింది.

ఆర్నెల్లు తిరిగేసరికి చేపలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాయి.

ఏడో తొట్టిలో ఒక చేప ఉండేది. వేలెడంత, బూడిద రంగు, తోక అంచున చిన్న చిరుగు. రెండు మూడు తేడా పట్టేసింది. మూడు నాలుగు పట్టేసింది. నాలుగు ఐదు కూడా. చివరికి ఐదు చుక్కలు, ఆరు చుక్కలు పక్కపక్కన పెడితే మేడం కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టుకునేలోపే అది ఆరు దగ్గరికి వెళ్లి కూర్చునేది. బాబాయ్ దానికి 'మాస్టారు' అని పేరు పెట్టాడు.

"పేరు పెట్టకూడదు బాబాయ్. పేరు పెడితే మనం దాని పక్షం అయిపోతాం" అంది మేడం.

"నేనెప్పుడో అయిపోయానండీ" అన్నాడు బాబాయ్.

ఇక ఆయన నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. ఆదివారం పొద్దున్న సెలూన్లో గడ్డానికి సబ్బు పూసి ఉండగానే కచేరీ మొదలయ్యేది.

"ఇంతకీ మీ చేప ఎంతవరకు చదివింది బాబాయ్?" అనేవాడు సెలూన్ ఓనరు, కత్తి నూరుతూ.

"ఆరు దాకా వచ్చేసింది. ఇప్పుడు ఎక్కాలు మొదలెట్టాం."

"ఎక్కాలే!"

"పదమూడో ఎక్కం దగ్గర కాస్త తడబడుతోంది. మనమూ అక్కడే కదా తడబడింది."

"నోరు లేదు కదా, ఎలా చెప్తుందీ?"

"తోక ఆడిస్తుంది. తప్పు చెప్తే తనే సిగ్గుపడి మూలకి పోతుంది."

"అందుకే బాబాయ్, నిన్న మా ఆవిడ చేప కొనుక్కొస్తే కొయ్యడానికి నాకు చెయ్యాడలేదు. ఎన్ని ముక్కలు చేశానో అది లెక్కపెట్టుకుంటుందేమోనని" అన్నాడు సెలూన్ ఓనరు. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా సగం గీసిన గడ్డాలతో నవ్వారు. అబద్ధమని అందరికీ తెలుసు, అయినా ఆరు దాకా నిజమని కూడా తెలుసు. ఆ నిజం ఉంది కాబట్టే ఆ అబద్ధానికి అంత రుచి. అప్పుడు బాబాయ్ చెవులు మామూలుగానే ఉండేవి.

మేడం తన పని అంతా రాసి ఒక పెద్ద పత్రికకి పంపింది. అంతలో ఊరి లైబ్రరీ వాళ్లు, నెలకో ఆదివారం సైంటిస్టులని పిలిచి జనానికి కొత్త సంగతులు చెప్పించేవాళ్లు, ఆమెని రమ్మన్నారు. ఆమెకి భయం పట్టుకుంది. అంతకుముందు ఒకసారి మాట్లాడితే ముందు వరసలో ముగ్గురు నిద్రపోయారట, ఒకాయన గురక కూడా పెట్టాడట. బాబాయ్‌ని కూర్చోబెట్టి చదివి వినిపించింది.

"చేపలలో సంఖ్యాపరమైన వివేచనా సామర్థ్యం..."

"ఆగండి మేడంగారూ. ఆ మాటకి మొదటి వరస పడుకుంటుంది. రెండో మాటకి వెనక వరస."

"మరెలా మొదలుపెట్టాలి?"

"చేప దగ్గర మొదలెట్టండి. ఏడో తొట్టిలో ఒక చేప ఉంది, తోక కాస్త చిరిగింది, దాన్ని మేం మాస్టారు అంటాం, అనండి. ఆ మీదట మీరేం చెప్పినా వింటారు."

ఆమె రాసుకుంది. "మీరూ నా పక్కన వేదిక మీదకి రావాలి. చేపని తీసుకెళదాం. కార్డులు మీరు దించండి, నేను మాట్లాడతాను."

బాబాయ్ ఆ సాయంత్రం ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు.

ఆదివారం సభ. అంతకుముందు మంగళవారం కేంద్రంలో నీళ్ల మోటారు చెడిపోయింది. గుడ్డలు ఉతకడానికి నీళ్లు లేక, పసుపుదీ తెల్లదీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. భార్య హడావుడిలో ఉంది. చేతికందిన గుడ్డ తీసి ఒక సాసరు తుడిచింది, పక్కదానితో ఇంకో సాసరు తుడిచింది, రెండూ గట్టు మీద బోర్లించకుండా అలాగే పెట్టింది. వాళ్లింట్లో ఒక ముసలి పిల్లి ఉంది. అది ఎగిరి గట్టెక్కి, ఒక సాసరుని నాకడం మొదలుపెట్టింది. రెండోదాని మొహం కూడా చూడలేదు.

"ఏవండోయ్, ఇటు రండి! మీ చేపకేనా, మన పిల్లికీ లెక్కలొచ్చు. రెండిట్లో ఒకటి ఏరుకుంది చూడండి" అని కేకేసింది.

బాబాయ్ నవ్వుతూ వచ్చాడు. నాకుతున్న సాసరు చూశాడు. గట్టు మీద పసుపు గుడ్డ చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

పిల్లిని దించాడు. రెండు సాసర్లూ కడిగి, ఒకటి పసుపుదానితో, ఒకటి తెల్లదానితో తుడిచి, వైపులు మార్చి పెట్టాడు. పిల్లి చుట్టూ తిరిగి వచ్చి పసుపు సాసరే నాకింది. మళ్లీ మార్చాడు. మళ్లీ అదే. మేత ఎండు రొయ్యల పొడితో చేస్తారు. ఎంత ఉతికినా ఆ వాసన గుడ్డని వదల్లేదు. మనిషి ముక్కుకి అందదు గానీ, ముక్కు ఉన్న జంతువుకి అది రోడ్డు పక్క బోర్డు లాంటిది.

తొమ్మిదోసారి సాసర్లు మారుస్తుంటే భార్య అంది, "ఏంటండీ, ఈ వయసులో పిల్లితో ఆటలు?"

"వాసన" అన్నాడు బాబాయ్.

"ఏం వాసన?"

ఆయన గుడ్డలు రెండూ మడిచి పక్కన పెట్టాడు. ఆవిడ ఆయన మొహం చూడలేదు, చెవులు చూసింది. స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. అంతా విన్నాక, "రేపే వెళ్లి చెప్పేయండి" అంది.

"చెప్తాను."

"రేపే."

"రేపే అన్నాగా."

బుధవారం ఆయన గంట ముందే వెళ్లాడు. మోటారు బాగైంది. కార్డులన్నీ ఒకే బేసిన్‌లో వేణ్నీళ్లతో కడిగి, బీరువాలోంచి ఒక కొత్త గుడ్డ చింపి అన్నీ దాంతోనే తుడిచాడు. మాస్టారి ముందు ఇరవైసార్లు దించాడు. మాస్టారు ఆరు దగ్గరికి వెళ్లింది, ఐదు దగ్గరికీ వెళ్లింది, మధ్యలో ఆగి గాజులో తన మొహం చూసుకుంది. ఇరవైలో పదకొండు. కళ్లకి గంతలు కట్టుకున్నవాడు వేలు పెట్టినా అంతే వస్తుంది. తర్వాత పసుపు గుడ్డతో తుడిచి చూశాడు. ఇరవైకి పందొమ్మిది.

ఆ అంకెలు ఆయన ఎక్కడా రాయలేదు. గుడ్డని తీసుకెళ్లి దాని మేకుకే తగిలించాడు.

తలుపు వెనక కాగితం అలాగే ఉంది, రెండేళ్ల తేమకి అంచులు ముడుచుకుని. నాలుగో మాట చదివాడు. ఆ మాట ఎందుకు రాసిందో ఇప్పుడు అక్షరం అక్షరం అర్థమైంది. చిన్నపిల్ల, శుభ్రం తెలియదు అనుకున్నాడే, ఆ రోజు తనే మనసులో అన్న మాట ఇప్పుడు ఎవరో చెవిలో అన్నట్టు వినపడింది.

అప్పుడే మేడం తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో కాగితాలు. "బాబాయ్! పత్రిక ఒప్పుకుంది! వచ్చే నెల అచ్చవుతుంది. ఇదిగో, చివర చూడండి, చివర."

చివర కృతజ్ఞతల్లో బాబాయ్ అసలు పేరుంది. 'శుభ్రతలో చూపిన అసాధారణమైన శ్రద్ధకు' అని ఉంది. ఆయన పేరు అచ్చులో ఎప్పుడూ రాలేదు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది.

"ఇంట్లో చూపించండి... ఏంటి బాబాయ్, ఏడుస్తున్నారా?"

"లేదండీ. తొట్లు కడిగే మందు నీళ్లు కళ్లలో పడ్డాయి" అన్నాడు. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదని ఆయనకి తెలుసు. ఆమె మొహంలో ఆ వెలుగు చూసి, అది ఆర్పే చెయ్యి తనది కాకూడదనుకున్నాడు. అది దయ అని తనకి తను చెప్పుకున్నాడు. చెవులు ఒప్పుకోలేదు.

"చెప్పారా?" అంది భార్య ఆ సాయంత్రం.

"మేడం ఫోన్లో ఉంది."

గురువారం కూడా ఫోన్లోనే ఉంది. శుక్రవారం మీటింగులో ఉంది. శనివారం మళ్లీ ఫోన్.

"ఆ అమ్మాయి నాలుగు రోజులుగా ఫోన్ కింద పెట్టకపోతే చెయ్యి పడిపోదూ?" అంది భార్య. "మీ చెవులుండగా ఇంట్లో దీపం దండగ" అని, కంచం ముందుకి జరిపింది. ఆయన కలిపిన అన్నం కలిపినట్టే వదిలేశాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే కోపమైనా తెచ్చుకునేవాడు.

ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కిటికీల్లో కూడా కూర్చున్నారు. సెలూన్ ఓనరు కొట్టు మూసి మరీ వచ్చాడు, తన ఖాతాదార్లలో పది మందిని వెంటేసుకుని. భార్య మూడో వరసలో కూర్చుంది. వేదిక మీద బల్ల, బల్ల మీద గాజు తొట్టి, తొట్టిలో మాస్టారు. బాబాయ్ కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. కుడి జేబులో ఆ రోజే ఉతికిన గుడ్డ ఉంది. ఎడం జేబులో పసుపు గుడ్డ. దాన్ని ఎందుకు తెచ్చుకున్నాడో ఆయనకి తెలుసు. తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు.

మేడం చేప దగ్గరే మొదలుపెట్టింది. తోక చిరుగు దగ్గర జనం నవ్వారు. ఆమె భుజాలు కిందకి దిగాయి, మాట నెమ్మదించింది, చేతులు ఊపుతూ మాట్లాడింది. ఒక్కరూ నిద్రపోలేదు. "ఇప్పుడు మీ కళ్లతో మీరే చూడండి" అని బాబాయ్ వైపు తిరిగింది.

ఆయన కుడి జేబులో గుడ్డ తీశాడు. రెండు కార్డులూ దాంతోనే తుడిచి దించాడు. మాస్టారు కాసేపు తిరిగి ఐదు దగ్గరికి వెళ్లింది.

"అయ్యో" అంది హాలు.

"మాస్టారు సెలవులో ఉన్నట్టున్నారు!" అని సెలూన్ ఓనరు అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

రెండోసారి మాస్టారు ఎటూ వెళ్లలేదు. మేడం మొహంలో రంగు మారింది. "కొత్త చోటు కదండీ, బెదిరింది. ఇది చాలా తెలివైనది, నిజంగా. ఒక్క నిమిషం ఇవ్వండి" అంది జనంతో. చేప తరఫున క్షమాపణ చెబుతున్న ఆ గొంతు విని బాబాయ్ ఎడం జేబులో చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాత ఎనిమిదిసార్లు దించితే ఎనిమిదిసార్లూ మాస్టారు గీత గీసినట్టు ఆరు దగ్గరికే వెళ్లింది. ఐదోసారికి జనం లేచి నిలబడ్డారు. ఎనిమిదోసారికి చప్పట్లతో కిటికీ అద్దాలు అదిరాయి. మూడో వరసలో ఒక్క మనిషి చప్పట్లు కొట్టలేదు. ఆవిడ వేదిక మీద పసుపు గుడ్డ వైపు చూస్తూ ఉంది. తర్వాత తల వంచుకుని తన చేతులు చూసుకుంది. ఆయన మూలంగా ఆవిడ తల వంచుకోవడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

మేడం మైకు పట్టుకుంది. "చప్పట్లు నాకు కాదు. ఇలాంటి పనిలో చిన్న మురికి చాలు, చిన్న వాసన చాలు, అంతా తప్పైపోతుంది. రెండేళ్లుగా అలా జరక్కుండా కాపాడింది ఈయన. ఇంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు. మా గుడ్డల బాబాయ్!"

హాలంతా ఆయన వైపు తిరిగింది. సెలూన్ ఓనరు రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. తిట్లు తినడానికి బాబాయ్ నాలుగు రోజులుగా సిద్ధపడి ఉన్నాడు. దీనికి సిద్ధపడలేదు. ఆ చప్పట్లు ఒక్కొక్కటీ వచ్చి చెవుల మీద పడ్డాయి. చెయ్యెత్తాడు. దండం పెడుతున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు.

"ఆపండి" అన్నాడు. మైకు లేక ఎవరికీ వినపడలేదు. మేడం చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "ఆపండి. చేపకి లెక్కలు రావు. వాసన వచ్చు."

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు, అక్కడొకటీ ఇక్కడొకటీ రాలి ఆగాయి. బాబాయ్ పసుపు గుడ్డ ఎత్తి చూపించాడు. మేత గిన్నె సంగతి చెప్పాడు, రెండు పెట్టెల సంగతి చెప్పాడు, పిల్లి సంగతి చెప్పాడు. పిల్లి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, మిగతావాళ్లు నవ్వకపోవడం చూసి నోరు మూసుకున్నారు. "మొదటి రెండుసార్లూ మీరు చూసింది నిజం. తర్వాత ఎనిమిది నేను చేసింది. మంగళవారం నుంచి నాకు తెలుసు. మేడంగారికి తెలీదు. పొరపాటైపోయింది."

మేడం ఆయన పక్కకి వచ్చింది. మైకు లేకుండా, ఆయనకే వినపడేలా అడిగింది. "తలుపు వెనక కాగితం ఉంది కదా బాబాయ్. చదవలేదా?"

లేదు అనొచ్చు. కళ్లు సరిగా ఆనవు అనొచ్చు. ఆమె నమ్ముతుంది. హాలు కూడా నమ్ముతుంది, అయ్యో పాపం అంటుంది కూడా. పొరపాటు అన్న మాట అప్పుడు నిజంగానే పొరపాటైపోతుంది. ఆమె కళ్లజోడు వెనక కళ్లు అదే జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

"చదివాను" అన్నాడు. మైకు ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు గమనించాడు. మాట హాలంతా పాకింది. "రెండుసార్లు చదివాను. మీకంటే నాకే బాగా తెలుసనుకున్నాను."

ఆమె ఆయన చేతిలోంచి పసుపు గుడ్డ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. గట్టిగా పీల్చింది. బహుశా ఆమెకి ఏ వాసనా రాలేదు. మడిచి బల్ల మీద పెట్టింది.

సెలూన్ ఓనరు మెల్లగా లేచాడు. "అయితే బాబాయ్, ఆ ఎక్కాలు..."

"అవి ముందు నుంచీ అబద్ధమే."

"అది తెలుసులే" అని కూర్చున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, ఏదో పోగొట్టుకున్నట్టుంది.

ముందు వరసలో ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. "అయితే అమ్మా, చేపకి లెక్కలు వచ్చినట్టా, రానట్టా?"

"తెలీదండీ" అంది మేడం. ఆ ఒక్క మాటకి చాలా బరువు మోసినట్టు ఊపిరి తీసుకుంది. "గంట క్రితం నాకు తెలుసు. ఇప్పుడు తెలీదు."

చప్పట్లు లేవు. కుర్చీలు జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. తొట్టిని బండిలోకి ఎక్కించేటప్పుడు ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. నీళ్లు తొణికి ఆయన కొత్త ఇస్త్రీ చొక్కా తడిసింది.

"తిట్టండి మేడంగారూ."

"తిడితే మీకు తేలికవుతుంది" అంది ఆమె. "రెండేళ్లలో ఒక్క రోజైనా మీరు తుడుస్తుంటే వచ్చి పక్కన నిలబడలేదు నేను. అడగాల్సిందాన్ని. మీరు చేశారంటే ఇంక చూడక్కర్లేదు అనుకున్నాను" అంది. ఆ మాట తిట్టు కంటే లోతుగా దిగింది. "రేపు ఎనిమిదింటికి రండి."

సోమవారం ఎనిమిదింటికి, ఆయన ఎదురుగానే, ఆమె పత్రికకి ఉత్తరం రాసింది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాననీ, ఎందుకో కూడానూ. నా పేరు కొట్టేయండి అన్నాడు బాబాయ్. మొత్తం వ్యాసమే పోతోంది, మీ పేరొక్కటే ఎలా మిగులుతుంది అంది. పెద్ద సారు ఆయన్ని వేరే విభాగానికి మార్చేస్తానన్నాడు. వద్దు, ఇక్కడే ఉండి మళ్లీ చేయాలి అని ఆమే పట్టుబట్టింది. అది దయో శిక్షో బాబాయ్‌కి ఇప్పటికీ తేలలేదు.

మేకులన్నీ పీకేశారు. ఒకే మేకు, ఒకే గుడ్డ, రోజూ ఉతికినది. ఏ కార్డు సరైనదో తెలియని మనిషి ఒకరు తుడుస్తారు, ఇంకొకరు దించుతారు. ఏడు నెలలు పట్టింది. చివరికి తేలింది ఏమిటంటే, ఐదు ఆరు తేడా ఏ చేపకీ తెలీదు. రెండు మూడు తేడా కొన్నిటికి కాస్త తెలిసినట్టే ఉంది. మాస్టారికి అదీ అంతంతమాత్రమే.

"ఏం బాబాయ్, ఎంతవరకు వచ్చింది?" అన్నాడు సెలూన్ ఓనరు ఒక ఆదివారం. చాలా వారాలు బాబాయ్ ఆ వైపు వెళ్లలేదు. గడ్డం ఇంట్లోనే గీసుకుని రెండు చోట్ల తెగ్గోసుకున్నాడు.

"మూడు దాకా. అది కూడా ఇంకా అనుమానమే."

పక్క కుర్చీలో మనిషి పేపరు తిరగేశాడు. సెలూన్ ఓనరు సబ్బు పూస్తూ నిట్టూర్చాడు. "ఎక్కాలే బాగుండేవి బాబాయ్."

"నాకూ అవే బాగుండేవి" అన్నాడు బాబాయ్.

ఏడాది తర్వాత లైబ్రరీ వాళ్లు మళ్లీ పిలిచారు. తామెక్కడ ఎలా తప్పారో చెబుతానంది మేడం. హాల్లో మూడో వంతు కుర్చీలు నిండాయి. పసుపు గుడ్డ కథ తన నోటితోనే చెప్పింది, తలుపు వెనక కాగితం సంగతి దాచి బాబాయ్‌ని కాపాడలేదు, తనని తనూ కాపాడుకోలేదు. ఒకాయన నిద్రపోయాడు. మిగతావాళ్లు విన్నారు.

తర్వాత రెండు చుక్కలు, మూడు చుక్కలు. కార్డులు ముందు వరసలో పెద్దావిడ చేత తుడిపించారు, గుడ్డ ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్నదే. బాబాయ్ దించాడు. మాస్టారు నెమ్మదిగా కదిలి, మధ్యలో ఆగి, అటూ ఇటూ చూసి, మూడు దగ్గరికి వెళ్లింది.

అక్కడక్కడా చప్పట్లు మోగాయి. మేడం నవ్వింది. బాబాయ్ మాత్రం ఎవరూ చూడకుండా వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. ఏమీ లేదు. మళ్లీ చూసుకున్నాడు.

మూడో వరసలోంచి భార్య ఆయన చెవుల వైపే చూస్తూ, ఈసారి మిగతావాళ్లతో పాటు చప్పట్లు కొట్టింది.